ఐడ్లింగు లోపం (కార్బ్యురేటరు ఇంజను)

ఐడ్లింగు లోపం అనగా కారు నిలిచి ఉండి, యాక్సిలరేటరు మీద కాలు లేనప్పుడు ఇంజను కుదురుగా తిరగక వణకడం, తడబడడం, ఒక్కొక్కసారి ఆగిపోవడం. తెలుగునాట మెకానిక్కులు దీనిని "స్లోలో నిలబడటం లేదు" అనీ, "మిస్ కొడుతోంది" అనీ అంటారు. కార్బ్యురేటరు గల పాత పెట్రోలు కార్లలో, ముఖ్యంగా హిందుస్తాన్ అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 తొలి నమూనాలు మొదలైన వాటిలో, ఇది తరచుగా వినవచ్చే ఫిర్యాదు.

ఇది ఒక రోగం కాదు, రోగ లక్షణం మాత్రమే. జ్వరం వచ్చినంత మాత్రాన రోగం ఏదో తెలియనట్లే, ఇంజను వణకినంత మాత్రాన లోపం ఎక్కడ ఉన్నదో తెలియదు. అయినప్పటికీ ఎక్కువమంది మొట్టమొదట చేసే పని స్క్రూడ్రైవరు తీసుకుని కార్బ్యురేటరు మీది స్క్రూలు తిప్పడం. "స్లో" కాస్త పెంచగానే వణుకు తగ్గినట్లు కనిపిస్తుంది. నిజానికి అసలు లోపం అలాగే ఉండి, పైకి కనబడకుండా పోతుంది. ఆ తరువాత పెట్రోలు ఖర్చు పెరుగుతుంది, తాళం తీసినా ఇంజను కొన్ని క్షణాలు తనంతట తాను కొట్టుకుంటూ తిరుగుతుంది, వాల్వు లోపమే అసలు కారణమైతే కొన్ని నెలలకు ఆ వాల్వు కాలిపోయి ఇంజను హెడ్డు విప్పవలసి వస్తుంది. అందువలన ఏ భాగాన్ని ముందు చూడాలి, దేనిని చివరకు ముట్టుకోవాలి అన్న వరుస ఈ విషయంలో అన్నింటికంటే ముఖ్యం. ఆ వరుసలో కార్బ్యురేటరు స్క్రూలది చివరి స్థానం.

ఐడ్లింగులో ఇంజను పనిచేసే తీరు

కార్బ్యురేటరులో గాలి ఒక సన్నని మెడ గుండా పోతుంది. ఆ ఇరుకు భాగాన్ని వెంచురి అంటారు. అక్కడ గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదల వలన ఫ్లోటు గిన్నెలోని పెట్రోలు మెయిన్ జెట్టు ద్వారా పైకి లాగబడి, తుంపరగా మారి గాలిలో కలుస్తుంది. పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి.

ఐడ్లింగు సమయంలో ఈ ఏర్పాటు పనిచేయదు. వెంచురి దిగువన ఉండే థ్రాటిల్ అనే గుండ్రని రేకు అప్పుడు దాదాపు మూసుకుని ఉంటుంది. పోయే గాలి చాలా కొద్ది కనుక వెంచురిలో వేగం ఉండదు, మెయిన్ జెట్టు నుండి పెట్రోలు రాదు. అయితే థ్రాటిల్ రేకుకు ఇంజను వైపున, అనగా ఇన్‌లెట్ మ్యానిఫోల్డులో, పీడనం బాగా పడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజనులో అది బయటి వాతావరణ పీడనం కంటే 430 నుండి 530 మిల్లీమీటర్ల పాదరసం మేరకు తక్కువగా ఉంటుంది. దీనినే మెకానిక్కులు వాక్యూం అంటారు. ఈ వాక్యూం బలంతో థ్రాటిల్ అంచు దగ్గర ఉన్న ఒక చిన్న రంధ్రం గుండా పెట్రోలు బయటికి వస్తుంది. ఆ దారిలో పెట్రోలును కొలిచి పంపేది ఐడిల్ జెట్టు, చివరి రంధ్రం దగ్గర దానిని సరిచేసేది మిక్చర్ స్క్రూ. ఐడిల్ జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు ప్రాంతంలో ఉంటుంది. సోలెక్స్ జెట్లమీద 45, 50 అని ఉండే అంకెలు మిల్లీమీటరులో నూరవ వంతులను తెలుపుతాయి. కంటికి సరిగా ఆనని ఇసుక రేణువు ఒకటి అడ్డుపడినా ఐడ్లింగు చెడిపోవడానికి ఇదే కారణం.

సిలిండర్లలో కూడా పరిస్థితి అంత అనుకూలంగా ఉండదు. లోపలికి వచ్చే కొత్త మిశ్రమం తక్కువ, వెనుకటి పేలుడులో మిగిలిన పొగ ఎక్కువ. అందుచేత మంట నెమ్మదిగా పాకుతుంది. ఈ దశలో మిశ్రమం కాస్త చిక్కగా ఉండాలి, నిప్పురవ్వ బలంగా ఉండాలి, వాల్వులు బిగువుగా మూసుకోవాలి. వీటిలో ఏది తగ్గినా మంట అంటుకోదు. సైకిలును వేగంగా తొక్కేటప్పుడు తెలియని తూగు మెల్లగా తొక్కేటప్పుడు బయటపడినట్లు, పెద్ద వేగాలలో దాగి ఉండే లోపాలన్నీ ఐడ్లింగులో పైకి వస్తాయి.

ఒక చిన్న లెక్క ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోకు ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరుగుతోందనుకుంటే, సెకనుకు 10 చుట్లు అవుతాయి. రెండు చుట్లకు ఒకమారు చొప్పున ఒక్కొక్క సిలిండరు సెకనుకు 5 సార్లు, అన్నీ కలిపి 20 సార్లు మండుతాయి. ఒక సిలిండరు పనిచేయకపోతే సెకనుకు అయిదు సార్లు ఇంజను కుంటుతుంది, ఆ కుంటు సీటులో కూర్చున్నవారికి స్పష్టంగా తెలుస్తుంది. అదే 3000 చుట్ల వద్ద అయితే సెకనుకు నూరు పేలుళ్ళు. వాటిలో ఇరవై అయిదు పోయినా వణుకుగా కాక, బలం తగ్గినట్లుగా మాత్రమే తోస్తుంది.

లోపం కానివి

పరీక్షలకు ముందు అసలు లోపం ఉన్నదో లేదో తేల్చుకోవడం మంచిది. మారుతి 800 ఇంజను 796 ఘనపు సెంటీమీటర్లది, మూడు సిలిండర్లది. మూడు సిలిండర్ల ఇంజను స్వభావసిద్ధంగానే నాలుగు సిలిండర్ల దానికంటే ఐడ్లింగులో కొంచెం ఎక్కువగా ఊగుతుంది. అంబాసిడర్‌కు అలవాటుపడినవారు దీనిని లోపమని భ్రమపడడం కద్దు. ఇంజనును చాసిస్‌కు పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు గట్టిపడినా, చీలినా ఇంజను బాగానే తిరుగుతూ కారు మాత్రం వణకుతుంది. బానెట్టు ఎత్తి ఇంజను చప్పుడు విన్నప్పుడు పేలుళ్ళు సమంగా వినిపిస్తూ, బాడీ మాత్రం అదురుతూ ఉంటే అనుమానించవలసినది రబ్బర్లనే. చల్లని ఇంజను మొదటి రెండు మూడు నిమిషాలు తడబడడం కూడా కార్బ్యురేటరు కార్లలో సహజమే.

జాగ్రత్తలు

ఇంజను నడుస్తుండగా చేసే పరీక్షలు ఆరుబయట చేయాలి. కెటలిటిక్ కన్వర్టరు లేని పాత కారు, అందులోనూ మిశ్రమం చిక్కగా ఉన్న కారు, ఐడ్లింగులో వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడు అధికంగా ఉంటుంది. ఈ వాయువుకు రంగు, వాసన లేవు. మూసి ఉన్న షెడ్డులో అది మనిషిని స్పృహ తప్పించి చంపగలదు. కండువా, చున్నీ, చీర కొంగు, గాజులు, చేతి గొలుసు వంటివి ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉంచాలి. కార్బ్యురేటరు విప్పేటప్పుడు బ్యాటరీ తీగ తీసివేయడం, దగ్గరలో బీడీ, దీపం లేకుండా చూసుకోవడం తప్పనిసరి.

లోపమున్న సిలిండరును గుర్తించడం

మొదట చెవితో వినాలి. సైలెన్సరు గొట్టం వెనుక అరచేతి దూరంలో ఒక కాగితం పట్టుకుంటే పొగ ఊపుకు అది ఆడుతుంది. అది లయ తప్పకుండా ఒకే వ్యవధిలో కుంటుతుంటే ఏదో ఒక సిలిండరులో లోపమున్నట్లు. అప్పుడు ప్లగ్గు, ప్లగ్గు తీగ, వాల్వు అనుమానించదగినవి. లయ లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు తడబడుతుంటే లోపం అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్నదని భావించవచ్చు. పాయింట్లు, కండెన్సరు, గాలి చొరబాటు, కార్బ్యురేటరు ఈ కోవలోకి వస్తాయి. ఇంజను వేగం దానంతట అదే పెరుగుతూ తరుగుతూ ఉంటే మిశ్రమంలో తేడా ఉండే అవకాశం ఎక్కువ.

ఏ సిలిండరో తెలుసుకోవడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. ఇంజను ఐడ్లింగులో ఉండగా, రబ్బరు పిడి గల పట్టకారుతో ఒక్కొక్క ప్లగ్గు తీగను తీసి, ఇంజను వేగం ఎంత తగ్గిందో గమనించి, మళ్ళీ పెట్టాలి. పనిచేస్తున్న సిలిండరు తీగను తీస్తే ఇంజను వెంటనే కుంగుతుంది. ఏ తీగ తీసినప్పుడు మార్పేమీ కనబడదో ఆ సిలిండరు అప్పటికే పనిచేయడం లేదన్నమాట. తీసిన తీగ కొనను ఇంజను లోహానికి దగ్గరగా ఉంచాలి, గాలిలో వ్రేలాడనివ్వరాదు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషను అమర్చిన కార్లలో తీగను ఊరకే వదిలితే ఆ పరికరం చెడిపోవచ్చు. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. ఇది చేయకుండా కార్బ్యురేటరు విప్పిన మెకానిక్కు చాలా తరచుగా సగం రోజు వృథా చేసుకుంటాడు.

ఇగ్నిషను

ఐడ్లింగు చెడిన కార్లలో కార్బ్యురేటరుకు వచ్చే నింద ఎక్కువ భాగం ఇగ్నిషనుకు చెందవలసినది. ముందుగా ప్లగ్గులు తీసి, వచ్చిన వరుసలోనే పేర్చి చూడాలి. మొన లేత గోధుమ లేక బూడిద రంగులో ఉంటే మంట సరిగా ఉన్నట్లు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే మిశ్రమం చిక్కనైనది. తెల్లబారి ఉంటే పలుచనైనది. తడిగా, జిడ్డుగా ఉంటే పిస్టన్ రింగుల గుండానో వాల్వు గైడ్ల గుండానో ఆయిలు లోపలికి వస్తోంది. నాలుగింటిలో ఒకటి మాత్రమే వేరుగా ఉంటే కార్బ్యురేటరును వదిలివేసి ఆ ఒక్క సిలిండరు సంగతి చూడాలి, ఎందుకంటే ఒకే కార్బ్యురేటరు నాలుగింటికీ ఒకే మిశ్రమాన్ని ఇస్తుంది.

తరువాత చూడవలసినవి డిస్ట్రిబ్యూటరులోని కాంటాక్టు బ్రేకరు పాయింట్లు. అంబాసిడర్ 1489 ఘనపు సెంటీమీటర్ల ఇంజనులో వీటి ఎడం 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. దీనిని ఫీలరు గేజితో కొలుస్తారు. కామ్‌కు ఆనుకుని తిరిగే ఫైబరు మడమ అరిగేకొద్దీ పాయింట్ల ఎడం తగ్గుతుంది, దానితోపాటు టైమింగు కూడా వెనుకబడుతుంది. కాబట్టి ఎడం సరిచేసిన తరువాత టైమింగును కూడా చూడాలి, ఒకదానిని చూసి రెండవదానిని వదిలేస్తే పని సగమే అయినట్లు. పాయింట్ల ముఖాలు మాటిమాటికీ గుంటలు పడుతూ ఉంటే కండెన్సరు మార్చవలసి ఉంటుంది. డిస్ట్రిబ్యూటరు ఇరుసును వ్రేళ్ళతో పట్టుకుని పక్కలకు ఊపితే కదులుతున్నదంటే లోపలి బుష్షులు అరిగాయి. అటువంటి దానిలో ఒక సిలిండరుకు సరిపోయిన ఎడం మరొక సిలిండరుకు సరిపోదు, ఎన్నిసార్లు సెట్ చేసినా నిలవదు.

వర్షాకాలంలో డిస్ట్రిబ్యూటరు క్యాపులో చెమ్మ చేరుతుంది. క్యాపు లోపలి సన్నని పగుళ్ళ వెంట విద్యుత్తు పక్కదారి పడుతుంది. చీకటిలో బానెట్టు ఎత్తి చూస్తే తీగల మీదుగా పాకే నీలి రవ్వలు కనిపిస్తాయి. తీగలు మార్చాలా వద్దా అన్న ప్రశ్నకు ఇంతకంటే చవకైన పరీక్ష లేదు.

వాల్వులు, కంప్రెషను

వాల్వు కాడకూ రాకరు ఆర్ముకూ మధ్య ఉండవలసిన సందును మెకానిక్కులు టాపెట్ సెట్టింగు అంటారు. బి.ఎం.సి. ఇంజనుతో వచ్చిన అంబాసిడర్‌లో అది సాధారణంగా 0.015 అంగుళం, అనగా దాదాపు 0.38 మిల్లీమీటరు. సందు ఎక్కువైతే టకటకమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విసుగు పుట్టించినా పెద్ద హాని చేయదు. సందు మరీ తక్కువైతే చప్పుడు ఉండదు. కానీ ఇంజను వేడెక్కినప్పుడు వాల్వు సాగి, పూర్తిగా మూసుకోదు. ఆ సన్నని సందు గుండా మండే వాయువు దూసుకుపోయి వాల్వు అంచు కాలిపోతుంది. చల్లగా ఉన్నంతసేపు బాగా తిరిగి, వేడెక్కగానే కుంటడం మొదలుపెట్టే ఇంజనులో మొదట అనుమానించవలసినది ఈ బిగిసిన టాపెట్టునే. చప్పుడు లేని టాపెట్లున్న ఇంజను మంచి ఇంజను అన్న నమ్మకం పాత కార్ల యజమానులలో బలంగా ఉంది. అది పొరపాటు.

ఎనిమిది వాల్వులు ఒకే వరుసలో ఉండే ఈ ఇంజనులో సెట్టింగుకు "తొమ్మిది సూత్రం" ఉపయోగపడుతుంది. వాల్వులకు ముందు నుండి వెనుకకు 1 నుండి 8 వరకు అంకెలు వేసుకోవాలి. 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వ దానిని, 6వది తెరుచుకున్నప్పుడు 3వ దానిని సరిచేయాలి. రెండు అంకెల మొత్తం ఎప్పుడూ తొమ్మిది కావాలి.

ఈ విషయంలో పెట్రోలు చరిత్ర కూడా చెప్పుకోవాలి. పూర్వం పెట్రోలులో కలిపే సీసపు సమ్మేళనం వాల్వు సీట్ల మీద పలుచని పొరగా పేరుకుని వాటిని అరుగుదల నుండి కాపాడేది. భారతదేశంలో సీసం లేని పెట్రోలు 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాలలో మొదలై, 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా తప్పనిసరి అయింది. ప్రజల ఆరోగ్యానికి, ముఖ్యంగా పిల్లల ఆరోగ్యానికి, ఇది ఎంతో మేలు చేసింది. కానీ సీసపు పెట్రోలు కోసం తయారైన పాత పోత ఇనుప హెడ్లలో ఎగ్జాస్టు వాల్వు సీట్లు, ముఖ్యంగా హైవేల మీద ఎక్కువ వేగంతో నడిపే కార్లలో, త్వరగా అరగసాగాయి. సీటు అరిగితే వాల్వు హెడ్డులోకి దిగబడుతుంది, దాని కాడ రాకరు వైపు లేస్తుంది, టాపెట్ సందు తగ్గిపోతుంది. కాబట్టి అటువంటి కార్లలో టాపెట్లను పూర్వం కంటే తరచుగా చూసుకోవాలి. గట్టి లోహపు సీట్లు వేయించడం దీనికి శాశ్వత పరిష్కారం.

టాపెట్లు సరిగా ఉండి కూడా ఒక సిలిండరు పనిచేయకపోతే కంప్రెషను గేజితో కొలవాలి. ఇంజను వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి, స్టార్టరుతో తిప్పాలి. వచ్చిన అంకెల కంటే వాటి మధ్య తేడా ముఖ్యం. ఒక సిలిండరు మిగిలినవాటికంటే పదిశాతానికి మించి తగ్గి ఉంటే, ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ కొలవాలి. అంకె పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే వాల్వుది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలోనూ తక్కువగా ఉంటే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్టు పోయి ఉంటుంది. ఇటువంటి ఇంజనును ఏ స్క్రూ తిప్పినా బాగుచేయలేము.

గాలి చొరబాటు

థ్రాటిల్ దాటిన తరువాత ఎక్కడ గాలి లోపలికి చొరబడినా మిశ్రమం పలుచనవుతుంది. ఐడ్లింగులో ఇంజను పీల్చే గాలే కొద్ది కనుక, అగ్గిపుల్లంత రంధ్రం కూడా దానిని తలక్రిందులు చేస్తుంది. వేగం పెరిగాక అదే రంధ్రం లెక్కలోకి రాదు. మ్యానిఫోల్డు గ్యాస్కెట్టు, కార్బ్యురేటరు అడుగు గ్యాస్కెట్టు, డిస్ట్రిబ్యూటరు వాక్యూం అడ్వాన్సు గొట్టం, అందులోని పొర, బ్రేకు సర్వో ఉన్న కార్లలో దాని గొట్టం అన్నీ పరీక్షించదగినవే. కార్బ్యురేటరును నాలుగైదుసార్లు విప్పి బిగించిన కార్లలో దాని అడుగు అంచు వంగి ఉంటుంది. ఎంత బిగించినా గాలి పోదు. ఇంకా బిగిస్తే ఇంకా వంగుతుంది.

చొరబాటును పట్టుకోవడానికి కొందరు అనుమానమున్న అతుకుల మీద పెట్రోలు చల్లి, ఇంజను వేగం మారుతుందేమో చూస్తారు. ఇది ప్రమాదకరం. అంబాసిడర్ ఇంజనులో ఇన్‌లెట్, ఎగ్జాస్టు మ్యానిఫోల్డులు రెండూ ఒకే పక్కన ఉంటాయి, చల్లిన పెట్రోలు కాగుతున్న ఎగ్జాస్టు మీదనే పడుతుంది. అదే పనిని సన్నని కుంచెతో సబ్బునీరు రాసి కూడా చేయవచ్చు. లోపమున్న చోట నురుగు లోపలికి పీల్చుకుపోతుంది, ఆ క్షణంలో ఇంజను చప్పుడు మారుతుంది. గొట్టాలనైతే ఒక్కొక్కటిగా పట్టకారుతో నొక్కి చూస్తే సరిపోతుంది.

అన్నింటికంటే కనిపెట్టడానికి కష్టమైనది థ్రాటిల్ ఇరుసు అరుగుదల. లక్ష కిలోమీటర్లు దాటిన కార్లలో ఇరుసుకూ దాని రంధ్రానికీ మధ్య సందు ఏర్పడి గాలి పోతుంది. ఇరుసు ఒక్కొక్కసారి ఒక్కొక్క చోట నిలుస్తుంది కనుక పొద్దున సరిచేసిన ఐడ్లింగు సాయంత్రానికి మారిపోతుంది. ఇరుసును పట్టుకుని పైకీ క్రిందికీ కదిపి చూస్తే తెలుస్తుంది. లేతు పనివారి చేత రంధ్రానికి కొత్త బుష్షులు వేయించడమే మార్గం. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఇటువంటి పనులు చేసే నిపుణులు కొత్త కార్బ్యురేటరు అవసరం లేకుండా చేయగలరు.

వాక్యూం గేజి ఉన్నవారికి ఈ పరీక్షలన్నీ తేలిక. ముల్లు స్థిరంగా ఉండి తక్కువ చూపితే గాలి చొరబాటు గాని, వెనుకబడిన టైమింగు గాని కారణం. ఒకే లయలో టక్కున పడి లేస్తుంటే ఒక వాల్వులో లోపం. నెమ్మదిగా అటూ ఇటూ తేలుతుంటే మిశ్రమం తేడా. అయితే ఈ గేజి కొలత ఎత్తును బట్టి మారుతుంది. ప్రతి వెయ్యి అడుగులకు సుమారు ఒక అంగుళం (25 మిల్లీమీటర్లు) తగ్గుతుంది. సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో తీసిన కొలత మచిలీపట్నంలో తీసినదానికంటే 45 మిల్లీమీటర్లు తక్కువగా ఉంటే అది ఇంజను దోషం కాదు.

కార్బ్యురేటరు

పై పరీక్షలన్నీ అయ్యాకనే కార్బ్యురేటరు వంతు. పెద్ద వేగంలో బాగా నడుస్తూ, యాక్సిలరేటరు వదలగానే ఆగిపోయే ఇంజనులో ఐడిల్ జెట్టు మూసుకుపోయి ఉంటుంది. జెట్టును విప్పి, పెట్రోలులో కడిగి, గాలి ఊది శుభ్రం చేయాలి. తీగ ముక్క, సూది దూర్చరాదు. మెత్తని ఇత్తడి రంధ్రం వెడల్పై జెట్టు కొలత శాశ్వతంగా మారిపోతుంది. కొన్ని తరువాతి కార్బ్యురేటర్లలో తాళం తీయగానే ఐడిల్ దారిని మూసే చిన్న విద్యుత్ వాల్వు ఉంటుంది. దాని తీగ ఊడినా ఇదే లక్షణం కనిపిస్తుంది. కనుక జెట్టు విప్పకముందే తాళం తిప్పి, ఆ వాల్వు "టిక్" మంటుందో లేదో వినడం మంచిది.

మసి, పెట్రోలు వాసన, నల్లని పొగ ఉంటే ఫ్లోటు గిన్నె పొంగుతోందని అర్థం. నీడిల్ వాల్వు అరిగి ఉండవచ్చు, లేదా ఇత్తడి ఫ్లోటుకు చిల్లు పడి ఉండవచ్చు. ఫ్లోటును చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు చప్పుడవుతుంది. వేడి నీటిలో ముంచితే చిల్లున్న చోట బుడగలు వస్తాయి. లోపలి పెట్రోలు పూర్తిగా ఆవిరైపోకుండా దానికి టంకం పెట్టబోతే ఫ్లోటు పేలుతుంది. చోక్ రేకు పూర్తిగా తెరుచుకోకపోవడం, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోవడం కూడా మిశ్రమాన్ని చిక్కన చేస్తాయి.

ఎస్.యు. రకం కార్బ్యురేటర్ల నిర్మాణం వేరు. వాటిలో విడిగా ఐడిల్ జెట్టు ఉండదు. లోపలి పిస్టను, సూది గాలి అవసరాన్ని బట్టి లేస్తూ దిగుతూ మిశ్రమాన్ని నిర్ణయిస్తాయి. ఆ పిస్టను ఇరుక్కుంటే ఐడ్లింగు చెడుతుంది.

స్క్రూల సవరణ

ఇంజను పూర్తిగా వేడెక్కి ఉండాలి. చోక్ తెరిచి ఉండాలి, ఎయిర్ ఫిల్టరు దాని చోట ఉండాలి. సోలెక్స్ కార్బ్యురేటరులో మిక్చర్ స్క్రూను చేతికి తగిలేవరకు మెల్లగా లోపలికి తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీయాలి. గట్టిగా బిగిస్తే దాని కోసు మొన మీద గాడి పడి ఇక ఎప్పటికీ సరిగా పనిచేయదు. ఇంజను నడిపి, ఆ స్క్రూను అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ అత్యధిక వేగం, అత్యంత కుదురు వచ్చే చోట ఆపాలి. అప్పుడు స్పీడు స్క్రూతో వేగం తగ్గించి, మళ్ళీ మిక్చర్ స్క్రూకు రావాలి. రెండు మూడు సార్లు ఇలా చేశాక మిక్చర్ స్క్రూను వేగం తగ్గీ తగ్గనట్లు తోచేంతవరకు లోపలికి తిప్పి వదిలేయాలి. ఈ రకంలో స్క్రూ లోపలికి పోతే మిశ్రమం పలుచనవుతుంది. గాలిని నియంత్రించే స్క్రూ ఉన్న కార్బ్యురేటర్లలో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. ఇది తెలియక చేసే సవరణ ఎక్కువ హాని చేస్తుంది.

స్క్రూను ఎటు తిప్పినా ఇంజనులో మార్పు రాకపోవడం కూడా ఒక సమాచారమే. ఐడిల్ దారి మూసుకుని ఉండాలి, లేదా వణుకును దాచడానికి ఎవరో స్పీడు స్క్రూను ఎక్కువగా బిగించి ఉండాలి. రెండవ సందర్భంలో థ్రాటిల్ ఎంతో తెరుచుకుని, మిక్చర్ స్క్రూతో సంబంధం లేని పై రంధ్రాల నుండి పెట్రోలు వస్తుంది. మొదట స్పీడు స్క్రూను వెనక్కి తీసి, ఆ పాత "మరమ్మతు"ను రద్దు చేసిన తరువాతనే అసలు లోపం బయటపడుతుంది.

వేసవి వేడిమి

ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే కోస్తా, తెలంగాణ వేసవులలో ఒక ప్రత్యేక సమస్య ఉంది. వేడి ఇంజనును ఆపగానే నీరు, గాలి తిరగడం ఆగిపోయి కార్బ్యురేటరు ఇంకా కాగుతుంది. ఫ్లోటు గిన్నెలోని పెట్రోలు మరిగి మ్యానిఫోల్డులోకి పొంగుతుంది. పది నిమిషాల తరువాత స్టార్టు చేస్తే కారు కష్టంగా అంటుకుని, ఒకటి రెండు నిమిషాలు నల్లగా పొగ వదిలి, దానంతట అదే కుదుటపడుతుంది. పెట్రోలు పంపులో ఆవిరి చేరితే మరొక విధంగా, పెట్రోలు అందక ఆగిపోతుంది. పంపు మీద తడిగుడ్డ చుట్టడం అంబాసిడర్ డ్రైవర్లకు బాగా తెలిసిన ఉపాయం, అది నిజంగానే పనిచేస్తుంది. మే నెలలో కనబడిన ఈ లక్షణాన్ని చూసి కార్బ్యురేటరు సెట్టింగు మార్చిన వారి కారు జూలైలో చెడుతుంది.

ఇథనాల్ కలిపిన పెట్రోలు

దేశంలో పెట్రోలులో ఇథనాల్ పాలు క్రమంగా పెరిగి 2022 జూన్‌కు సగటున 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఇథనాల్‌లోనే ప్రాణవాయువు ఉన్నందున 20 శాతం మిశ్రమం మండడానికి కిలోకు 13.5 కిలోల గాలి చాలు. కొత్త కార్లలో పొగను పసిగట్టే సెన్సారు ఈ తేడాను సరిచేస్తుంది. కార్బ్యురేటరుకు ఆ తెలివి లేదు. జెట్లు ఎప్పటి కొలతతోనే పెట్రోలును పంపుతాయి, ఫలితంగా మిశ్రమం సుమారు ఎనిమిది శాతం పలుచనవుతుంది. ఇదివరకే అంచున ఉన్న ఐడ్లింగు దీనితో తడబడుతుంది. మిక్చర్ స్క్రూను పావు చుట్టు వెనక్కి తీయడంతో కొన్నిటిలో సరిపోతుంది, కొన్నిటిలో ఒక అంకె పెద్దదైన ఐడిల్ జెట్టు కావలసి వస్తుంది.

పాత రబ్బరు గొట్టాలు, పంపు పొర ఇథనాల్‌లో ఉబ్బి మెత్తబడతాయి. వాటి నుండి రాలిన నలుసులే జెట్లను మూస్తాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి కదలని కారులో నీరు, ఇథనాల్ వేరుపడి ట్యాంకు అడుగున చేరుతాయి. పెళ్ళిళ్ళకూ పండుగలకూ మాత్రమే బయటికి తీసే పాత కార్లకు ఇది ముఖ్యమైన చిక్కు. అటువంటి కారు మొరాయిస్తే, ఇంజనుకు సంబంధించిన ఏ పరీక్షకైనా ముందు ఫ్లోటు గిన్నెలోని పెట్రోలును గాజు సీసాలోకి తీసి అడుగున వేరే పొర కనిపిస్తుందేమో చూడాలి.

కాలుష్య పరీక్ష

2004 అక్టోబరు నుండి అమలైన నియమాల ప్రకారం భారత్ స్టేజి 2కు ముందరి నాలుగు చక్రాల పెట్రోలు వాహనాల పొగలో ఐడ్లింగు వేళ కార్బన్ మోనాక్సైడు 3 శాతానికీ, హైడ్రోకార్బన్లు పది లక్షలకు 1500 పాళ్ళకూ మించరాదు. ఈ రెండు అంకెలను కలిపి చదివితే పరీక్ష కాగితమే మెకానిక్కుకు దారి చూపుతుంది. మొదటిది ఎక్కువగా ఉంటే మిశ్రమం చిక్కనైనది. మొదటిది తక్కువగా ఉండి రెండవది మాత్రమే ఎక్కువగా ఉంటే పెట్రోలు మండకుండానే బయటికి పోతోంది, అనగా ఏదో ఒక సిలిండరులో నిప్పురవ్వ గాని, వాల్వు గాని సరిగా లేదు, లేదా మిశ్రమం మంట అంటుకోలేనంత పలుచనైంది.